వాళ్ళకీ మాకూ మాటల్లేవు

పేపర్లో జిల్లా పేజీ తిరగేస్తే వారానికి ఒక్కసారైనా తగిలే ముక్క ఒకటుంది, "పాత కక్షలే కారణమని తెలుస్తోంది" అని. ఎవరో ఎవరినో కర్రతో కొట్టారు, లేకపోతే రాత్రికి రాత్రి గడ్డివామికి నిప్పు పెట్టారు, లేకపోతే బోరు మోటర్ వైర్లు కోసేశారు, వార్తంతా రాసేసి చివర్లో రిపోర్టర్ ఈ ముక్క పడేసి పోతాడు. ఏం కక్ష, ఎప్పటిది, ఎక్కడ మొదలైంది అనేది రాయరు, మనమూ అడగం. పాత కక్ష అన్నాక ఇంకేం కావాలి అన్నట్టు పేజీ తిప్పేస్తాం. అసలు "కొత్త కక్షలు" అని ఎప్పుడైనా చదివారా మీరు? నేనైతే చదవలేదు. కొత్తగా ఉన్నప్పుడు దాన్ని గొడవ అంటాం. అది తేలకుండా నిలవుండిపోతే అప్పుడు కక్ష అవుద్ది.

మాది పల్నాడు, నరసరావుపేట నుంచి ఇంకా లోపలికి పోవాలి. ఈ మాట చెప్పగానే హైదరాబాద్‌లో ఆఫీసులో ఒక నవ్వు వస్తది, "అమ్మో మీతో జాగ్రత్తగా ఉండాలి బాబూ" అని. సినిమావాళ్ళ పుణ్యమా అని పల్నాడన్నా సీమన్నా సుమోలు గాల్లోకి లేవడమే గుర్తొస్తది జనానికి. నేను మా ఊళ్ళో చూసినంతలో కత్తుల కంటే చాలా ఎక్కువగా ఉన్నది ఎడమొహం పెడమొహం. చప్పుడు ఉండదు, కేసు ఉండదు, పేపర్లోకి రాదు, కానీ మూడు తరాలైనా కదలదు. దాని గురించి రాద్దామని చాన్నాళ్ళ నుంచి అనుకుంటున్నా.

ముందు మాటల సంగతి. మనకి ఈ సరుకు బాగా ఎక్కువ. అలక, కినుక, ఉక్రోషం, అక్కసు, కసి, కక్ష, పగ, వైరం, ఇవి కాక పంతాలూ పట్టింపులూ వేరే. అన్నీ ఒకటే అనుకుంటాం గానీ దేని పని దానిది. కినుక ఇప్పుడు పూర్తిగా పేపరోళ్ళ సొత్తు, మంత్రి పదవి రాని ఎమ్మెల్యేలు మాత్రమే కినుక వహిస్తారు, ఇళ్ళల్లో ఎవరూ వహించగా నేను చూడలేదు. అక్కసు వెళ్ళగక్కడానికి తప్ప ఇంక దేనికీ పనికి రాదు. ఉక్రోషం ఎక్కువగా పిల్లలది, క్యారమ్స్‌లో ఓడిపోతే వస్తది, పావుగంటలో పోద్ది. కసి మాత్రం చిత్రమైన మాట, అందులో చెడూ ఉంది మంచీ ఉంది, "కసిగా చదివి ఉద్యోగం కొట్టాడ్రా" అంటే అది మెచ్చుకోలు. కక్షగా చదివాడు అని మాత్రం ఎవరూ అనరు.

కక్షని కడతారు, తర్వాత సాధిస్తారు. ఈ సాధించడం అనే మాట మీద నాకు పెద్ద గౌరవం. పక్కింటి అబ్బాయి ర్యాంకు సాధిస్తాడు, వాళ్ళ నాయనమ్మ వాళ్ళమ్మని సాధిస్తది, రెండింటికీ ఒకటే క్రియ. ఓపిక కావాలి రెండిటికీ, అందుకేనేమో. కక్షసాధింపు అనేది అయితే మన రాజకీయాల్లో ప్రభుత్వం మారిన ప్రతిసారీ చేతులు మారే మాట, ఇప్పుడు ఎవరి నోట్లో ఉందో చూస్తే ఎవరు అధికారంలో లేరో తెలిసిపోద్ది. కోర్టుకి పోతే మనల్ని కక్షిదారు అంటారు, కక్షి అంటే ఒక పక్షం అని, మనకి మాత్రం ఆ మాటలో కూడా కక్షే వినపడుద్ది. ఇంకోటి, ఉపగ్రహాన్ని విజయవంతంగా కక్షలో ప్రవేశపెట్టారు అని టైప్ చేసేవాళ్ళు ఇంకా ఉన్నారు. కింద యవత్తు పెట్టండయ్యా, కక్ష్య. పాపం ఆ ఉపగ్రహానికి ఎవరి మీదా ఏం లేదు.

ఇక పగ. ఇది పట్టేది, తీర్చుకునేది. మొక్కు తీర్చుకుంటాం, రుణం తీర్చుకుంటాం, పగ కూడా తీర్చుకుంటాం. ఎవరో మనకి ఇచ్చింది ఎప్పటికైనా వాళ్ళకి తిరిగి ఇచ్చెయ్యాలి అన్న బాధ్యత ఏదో అందులో ఉంది. అందుకే కాబోలు నాన్న చేసిన అప్పు కొడుక్కి వచ్చినట్టు నాన్న పగ కూడా కొడుక్కి వస్తది, నాకొద్దు అంటే ఊరుకోరు, "వాడేం కొడుకురా" అంటారు.

చిన్నప్పుడు మాకు పగ అంటే పాము. నాగుపాముని చంపితే జంటపాము పగబడతది, ఎక్కడున్నా వెతుక్కుంటూ వస్తది, కాబట్టి చంపినదాన్ని దహనం చెయ్యాలి పాలు పొయ్యాలి అని పెద్దోళ్ళు చెప్పేవాళ్ళు, మేము చీకట్లో దొడ్డివైపు పోవాలంటే వణికిపోయేవాళ్ళం. పాముకి మనిషి మొహం గుర్తుపెట్టుకుని వెతుక్కుంటూ వచ్చేంత తెలివి లేదు, పాములు పట్టేవాళ్ళని అడిగినా చెప్తారు. అయినా ఆ మాట పోలేదు. మన గుణాన్ని దానికి అంటగట్టి "పాము పగ తోక చుట్టరికం" అని సామెత కూడా కట్టేశాం. ఊళ్ళో ఆ సామెత వాడేది మాత్రం పాముల గురించి కాదు, ఒక ఇంట్లో పెద్దాయనతో పడకుండా అదే ఇంట్లో చిన్నాయనతో రాసుకుపూసుకు తిరిగేవాణ్ణి చూసి.

తిక్కన కూడా పామునే పట్టుకున్నాడు. ఉద్యోగపర్వంలో ధర్మరాజు కృష్ణుణ్ణి రాయబారానికి పంపేముందు అంటాడు, పగ అనేది ఉందంటే పామున్న ఇంట్లో కాపురమే, మనసు ఒక్కసారి కూడా కుదురుగా ఉండదు, కాబట్టి "వలవదధిక దీర్ఘవైరవృత్తి" అని. 13వ శతాబ్దంలో నెల్లూరులో కూర్చుని రాసిన మాట. దీర్ఘవైరం అన్నాడు చూడండి, ఉత్త వైరం అనలేదు. వైరం రావడం పోవడం మామూలే, దాన్ని లాగడం మీదే ఆయన కంప్లయింట్. నాకు నచ్చేది ఏంటంటే ఆ మాట అంటున్నది రాజ్యం పోగొట్టుకుని, సభలో అంత అవమానం పడి, అడవులు పట్టి తిరిగొచ్చిన మనిషి. ఏమీ పోగొట్టుకోనివాడు ఆ మాట అనడం తేలిక.

భారతంలో పగలు అనగానే అందరూ ద్రౌపది జుట్టు, భీముడి ప్రతిజ్ఞ చెప్తారు గానీ నన్నడిగితే అసలైన దీర్ఘవైరం ద్రోణుడూ ద్రుపదుడిదే. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే చోట చదువుకున్న ఫ్రెండ్స్. తర్వాత ఒకడు రాజు, ఒకడు పిల్లాడికి పాలు కూడా కొనలేని పేద బ్రాహ్మడు. పాత స్నేహం చూసుకుని పోతే రాజుకీ పేదవాడికీ స్నేహమేంటయ్యా అని పంపించేశాడు. అంతే, ఒక్క మాట. దానికి ద్రోణుడు ఏళ్ళు ఆగి, కుర్రాళ్ళకి విద్య నేర్పి, గురుదక్షిణగా ద్రుపదుణ్ణి కట్టి తెప్పించుకుని, సగం రాజ్యం ఉంచుకుని సగం తిరిగిచ్చి "ఇప్పుడు సమానమే కదా" అన్నాడు. ఆయన లెక్క అక్కడితో క్లోజ్. ద్రుపదుడి లెక్క అక్కడే ఓపెన్ అయింది. యజ్ఞం చేసి ద్రోణుణ్ణి చంపే కొడుకుని సంపాదించాడు, ఆ ధృష్టద్యుమ్నుడికి విలువిద్య నేర్పింది మళ్ళీ ద్రోణుడే, వీడు నన్ను చంపడానికి పుట్టాడని తెలిసీ నేర్పాడు. వాడు చంపాడు, వాణ్ణి రాత్రిపూట శిబిరంలో అశ్వత్థామ చంపాడు. ఇద్దరూ ఎవరి లెక్క వాళ్ళు సరిచేసుకున్నాం అనే అనుకున్నారు ప్రతిసారీ.

వాళ్ళు స్నేహితులు కాబట్టి అంత దూరం పోయింది. బయటివాడితో పగ మనకి అంత రుచించదు. దాయాది అనే మాట చూడండి, దాయం అంటే ఆస్తిలో భాగం, భాగం ఉన్నవాడు దాయాది. పాత తెలుగులో దాయ అంటే జ్ఞాతి అనీ అర్థమే, శత్రువు అనీ అర్థమే, ఒకే మాట రెండిటికీ సరిపెట్టేశారు. మామూలు మాటల్లో పాలోళ్ళు అంటారు, పాలు అంటే వాటా. వాటాదారు అనగానే పడనివాడు అని మనకి ముందే తెలుసన్నమాట. ఇండియా పాకిస్తాన్ మ్యాచ్ అంటే తెలుగు పేపర్లు దాయాదుల పోరు అని హెడ్డింగ్ పెడతాయి, ఇంగ్లండ్‌తో ఎంత టైట్ మ్యాచ్ జరిగినా ఆ హెడ్డింగ్ రాదు, ఎందుకంటే ఇంగ్లండోడితో మనకి వాటా పంపకాలు లేవు.

ఇప్పుడు మా ఇంటి సంగతి. మా తాతయ్యకీ చిన్న తాతయ్యకీ, అంటే ఆయన సొంత తమ్ముడికి, పడలేదు. దీనికి మా ఇంట్లో ఎవరూ పగ అనే మాట వాడరు, కక్ష అని కూడా అనరు, అవి పేపర్లోవాళ్ళకి, సినిమాలవాళ్ళకి. మేము అనేది ఒకటే, "వాళ్ళకీ మాకూ మాటల్లేవు". గమనించారా, మాట్లాడం అనరు. మాట్లాడం అంటే మనం మానేశాం అని ఒప్పుకోవాలి కదా. మాటల్లేవు అంటే ఇంట్లో చిల్లర లేదు అన్నట్టు, లేవంతే, ఎవరు అయిపోజేశారో అడక్కూడదు. ఎప్పుడు పోయాయో లేదు, ఎవరి తప్పో లేదు, ఎప్పుడొస్తాయో కూడా లేదు. ఇంత సుఖమైన వాక్యం తెలుగులో ఇంకోటి ఉందో లేదో.

ఎందుకు పోయాయి అంటే మగాళ్ళ కథ ఒకటి ఆడాళ్ళ కథ ఒకటి. మగాళ్ళ కథలో గట్టు. అన్నదమ్ములు పంచుకున్న చేను మధ్య గట్టు, ప్రతి ఏడూ దున్నేటప్పుడు అవతలివాళ్ళ అరక ఇటు ఒక చాలు జరిగిందని వీళ్ళు, ఇవతలి ట్రాక్టర్ అటు జరిగిందని వాళ్ళు. సర్వేయరు వచ్చి గొలుసు లాగితే మా వైపు కొంచెం ఎక్కువొచ్చింది, ఆయన డబ్బులు తిన్నాడు అన్నారు వాళ్ళు. తర్వాత కోర్టు, వాయిదాలు. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడు అంటారే, మాకు అదీ లేదు, తాతలిద్దరూ పోయేదాకా ఎవరూ గెలవలేదు ఎవరూ ఓడలేదు, చివరికి మా నాన్న తరంవాళ్ళు ప్లీడర్ ఫీజులు కట్టలేక రాజీ అయ్యారు. కేసు రాజీ అయింది. మాటలు మాత్రం రాలేదు.

ఆడాళ్ళ కథలో గట్టు అసలు లేదు, చీర ఉంది. ఒకసారి సెలవలకి వెళ్ళినప్పుడు అడిగా, "నాయనమ్మా, అసలు మొదలు ఏంటే?" అని. వేరుశనక్కాయలు ఒలుస్తోంది, చేతులు ఆగలేదు.

"మొదలేందిరా, వాళ్ళ పెద్ద పిల్ల పెళ్ళిలో నాకు పెట్టిన చీర చూశావా నువ్వు? చూళ్ళేదుగా, నువ్వు పుట్టలా అప్పటికి. బొప్పాయి రంగు. అంచు కూడా లేదు. చెయ్యి కింద పెడితే నా గాజులు కనపడతన్నాయి. ఆమె తోడికోడల్ని నేను, ఇంటికి పెద్ద కోడల్ని. వాళ్ళ చెల్లెలికేమో గద్వాల చీర పెట్టింది, నా కళ్ళ ముందే."

"మరి ఆ చీర ఏం చేశావ్?"

"ఉందిగా పెట్టెలో."

కట్టలేదు, ఎవరికీ ఇవ్వలేదు, పారెయ్యలేదు. చూపించు అంటే చూపించింది కూడా. నాకైతే మామూలు చీరలాగే ఉంది, పాతబడి మడతల దగ్గర చిరుగుతోంది, కానీ గాజుల సంగతి మాత్రం నిజమే, నేనూ చెయ్యి పెట్టి చూశా.

వాళ్ళ వైపు కథ ఏంటో చాలా తర్వాత తెలిసింది. అదే పెళ్ళిలో మా తాతయ్య బంతిలో కూర్చుని, విస్తట్లో వడ్డన సగం అయ్యాక లేచి చెయ్యి కడుక్కుని వచ్చేశాడంట, వియ్యాలవారి ముందు. తాతయ్య ఎందుకు లేచాడు అంటే చీర సంగతి అప్పటికే చెవిన పడింది కాబట్టి. చిన్న నాయనమ్మ అనడం ఏంటంటే చీరలు కొన్నది ఆమె కాదు, పుట్టింటివాళ్ళు తెచ్చిన కట్టలోంచి ఎవరికేది అందితే అది పెట్టారు అని. ఇది ఆరోజే ఎవరైనా ఒకళ్ళు ఇటు వచ్చి చెప్పి ఉంటే ఎలా ఉండేదో. కానీ వచ్చి చెప్పడం అంటే బతిమాలడం, బతిమాలడం అంటే తగ్గడం.

నాకు అనిపించేది ఇక్కడే. మనకి అలక అనేదానికి పద్ధతి ఉంది, అలకపాన్పు అని పెళ్ళిలో ఏకంగా తంతే పెట్టారు, అల్లుడు అలుగుతాడు, మామగారు ఉంగరమో బండో ఇస్తాడు, దిగొస్తాడు, అందరూ నవ్వుతారు. అలిగేవాడికీ తెలుసు బతిమాలతారని, బతిమాలేవాళ్ళకీ తెలుసు దిగొస్తాడని. ఆ బతిమాలేవాళ్ళు రాని అలకలే ముదిరి ఇలా తయారవుతాయని నా అనుమానం. కొత్తల్లో మా నాయనమ్మ కూడా ఎదురు చూసే ఉంటది. ఆ మాట ఆమెని అడిగే ధైర్యం నాకు లేదు.

మాటల్లేకపోవడం అంటే ఏదో ఖాళీగా ఉండటం కాదు, పెద్ద మెయింటెనెన్స్ ఉంది దానికి. రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ, ఆ ఇంటిమీద కాకి ఈ ఇంటిమీద వాలదు అంటారు గానీ కాకులు హాయిగా వాలేవి, మనుషులే. ఏదన్నా చెప్పాల్సి వస్తే గేదెకి చెప్పేవాళ్ళు. "ఒసే, నీ దూడ ఎవరి పాదులో పడి మేస్తందో చూసుకునే దిక్కు లేదే" అని గట్టిగా అంటే గోడవతల అందాల్సినవాళ్ళకి అందేది. పెళ్ళి కార్డులు మూడో మనిషి చేత పంపించాలి, బొట్టు పెట్టి పిలవకూడదు, కార్డు రాకపోతే మాత్రం అది ఇంకో తప్పు. కార్డు వస్తే వెళ్ళకూడదు, కానీ చదివింపు పంపాలి, వాళ్ళు మనకెంత చదివించారో పుస్తకం తీసి చూసి సరిగ్గా అంతే. ఇప్పుడు వాట్సాప్ వచ్చాక కొంచెం మారింది, మా ఇంటిపేరుతో గ్రూపు ఒకటుంది, అందులో రెండు వైపులవాళ్ళూ ఉన్నారు, ఎవరి గుడ్ మార్నింగ్ ఫొటోకి ఎవరు దండం బొమ్మ పెట్టరో చూస్తే చాలు వంశవృక్షం గీసెయ్యొచ్చు.

చావుకి మాత్రం వెళ్ళాలి. పెళ్ళికి పిలిచినా పోకపోవచ్చు, చావుకి పిలవకపోయినా పోవాలి, ఇది ఎవరూ దాటరు. పైగా దాయాదులం కాబట్టి మైల. చిన్న తాతయ్య పోయినప్పుడు పది రోజులు మా ఇంట్లో దేవుడి దగ్గర దీపం పెట్టలేదు, నాన్న గుడికి పోలేదు, తర్వాత వచ్చిన పండగ కూడా మాకు లేదన్నారు. బతికున్నప్పుడు ఆయన పేరెత్తితే లేచిపోయే ఇంట్లో ఆయన కోసం పిండివంటలు మానేశారు. చిన్నపిల్లలం, మాకు అరిసెలు పోయాయి అన్నదే బాధ. నాయనమ్మ ఆ పది రోజులూ గోడవతలికి పోయి వాళ్ళతో కూర్చుంది. పదకొండో రోజు నుంచి మళ్ళీ గేదెతోనే.

మా ఊరికి కారంపూడి పెద్ద దూరమేం కాదు. అక్కడ ఏటా కార్తీకమాసం అమావాస్యకి మొదలుపెట్టి ఐదు రోజులు పల్నాటి వీరుల ఉత్సవాలు చేస్తారు, రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు, రోజుకొకటి. 12వ శతాబ్దంలో నలగామరాజూ మలిదేవరాజూ, అంటే ఒకే తండ్రి కొడుకులు, గురజాల ఒకరికీ మాచర్ల ఒకరికీ పంచుకుని, నాగమ్మ ఒకవైపు బ్రహ్మనాయుడు ఒకవైపు నిలబడి, కోడిపందెం దగ్గర పంతం పోయి, రాయబారం వెళ్ళిన అలరాజుని విషం పెట్టి చంపి, చివరికి ఆ కారంపూడి దగ్గరే నాగులేటి ఒడ్డున అందరూ పోయారు. అక్కడా వాటాలే, అక్కడా అన్నదమ్ములే. కానీ కథలో చివర బ్రహ్మనాయుడు నలగాముడికే రాజ్యం అప్పజెప్పి గుత్తికొండ బిలంలోకి వెళ్ళిపోయాడంటారు. ఉత్సవాల్లో మందపోరు రోజు చాపకూడు పెడతారు, కులం లేకుండా అందరూ ఒకే చాప మీద కూర్చుని తింటారు. చిన్నప్పుడు ఒకసారి మా నాన్నా, వాళ్ళ వైపు బాబాయీ ఆ జనంలో పక్కపక్కన పడ్డారు. తిన్నారు. నాన్న కూర గిన్నె అటు జరిపారు కూడా. ఇంటికొచ్చాక నాయనమ్మకి చెప్పొద్దన్నారు.

నా తరానికి వచ్చేసరికి ఇది చాలా పల్చబడింది, కారణాలు కూడా సరిగ్గా తెలియవు మాకు. బాబాయి కొడుకు, నాకు వరసకి తమ్ముడు, వాడూ హైదరాబాదే, కూకట్‌పల్లిలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంటాడు, ఆదివారం ఇద్దరం కలిసి క్రికెట్ ఆడతాం, వాడి కొడుక్కి జ్వరమొస్తే హాస్పిటల్‌కి నేనే తీసుకెళ్ళా. ఊళ్ళో మాత్రం ఎవరికీ తెలీదు. సంక్రాంతికి ఒకే బస్సు పక్కపక్క సీట్లు బుక్ చేసుకుంటాం, నరసరావుపేటలో దిగాక వాడు ఆటో ఎక్కుతాడు, నేను నాన్న బండి కోసం స్టాండ్ బయట నిలబడతా. తెల్లారి రచ్చబండ దగ్గర ఎదురుపడితే ఇద్దరం ఫోన్ చూసుకుంటూ పోతాం, తర్వాత అదే ఫోన్లో వాడు నవ్వే బొమ్మ పంపిస్తాడు. నాయనమ్మ ఉన్నన్నాళ్ళు ఇంతే అని ఇద్దరం అనుకున్నాం, ఆమెకి ఇప్పుడు తొంభై దాటాయి, వేరుశనక్కాయలు ఇంకా ఆమే ఒలుస్తోంది. ఈ ఏడు వాడు కారు కొన్నాడు, సంక్రాంతికి అందులోనే పోదాం అంటున్నాడు. నన్ను ఎక్కడ దించాలి అనేది ఇంకా తేలలేదు, వాడు పేటలో అంటున్నాడు, నేను ఊరి బయట చెరువుకట్ట దాకా రమ్మంటున్నా, లగేజీ ఎక్కువుంటది.